సర్వ ఒకింట్లో, మూత ఒకింట్లో

అత్తలు కోడళ్ళకు నగలిస్తారు, పట్టుచీరలిస్తారు, ఏమీ లేనివాళ్ళు దీవెనలిస్తారు. మా అత్తమ్మ నాకు మూత ఇచ్చింది. ఒట్టి మూత. దాని కింద ఉండాల్సిన సర్వను మాత్రం మా తోటికోడలికిచ్చింది. ఇదేం పంపకం తల్లీ అని నేను నోరు తెరిచేలోపే "గంతే. ఎవ్వలది వాళ్ళకిచ్చిన" అని కొంగు దులుపుకుని లేచిపోయింది.

సర్వ అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. అడుగు వెడల్పుగా, పక్కలు గుండ్రంగా ఉండే గిన్నె. అందులో ఒత్తి కాల్చేదే సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లాకు, కరివేపాకు, దంచిన పచ్చిమిర్చి, ఎల్లిగడ్డ వేసి తడపాలి. నూనె రాసిన సర్వలో అడుగునా పక్కలకూ చేత్తో పల్చగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నమంట మీద కూర్చోబెట్టాలి. కింది పని మంట చేస్తుంది, పై పని ఆవిరి చేస్తుంది. కాబట్టి మూత సరిగ్గా కూర్చోకపోతే కింద మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. దీన్ని కొందరు సాయంత్రం చిరుతిండి అంటారు. అననివ్వండి. మా ఇంట్లో ఇది రాత్రి భోజనం. వేడి వేడి సర్వపిండి, గడ్డ పెరుగు, పక్కన ఇంత మామిడికాయ తొక్కు. అది తిన్నాక అన్నం గిన్నె వైపు చూసేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

మేము ఉండేది నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో, కిరాయి ఇంట్లో. కింద మేము, పైన బావా వాళ్ళు. పొయ్యి మాత్రం కిందే, ఇద్దరికీ ఒకటే. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ నేనూ మా తోటికోడలూ ఆ పొయ్యి ముందు భుజాలు రాసుకుంటూ వంట చేసినవాళ్ళం. ఆమెను నేను అక్కా అంటాను, నన్ను ఆమె చెల్లె అంటుంది. కోపం వస్తే ఇద్దరం ఏమీ అనుకోం, గిన్నెలే మాట్లాడతాయి. ఒక వానాకాలం పైన పోర్షన్ కురవడం మొదలైంది. బావకు ఆబిడ్స్‌లో కళ్ళద్దాల దుకాణం. మోకాళ్ళ నొప్పులతో రోజూ అంత దూరం నడవలేకపోతున్నానని, దుకాణం పక్క సందులోనే ఒక ఫ్లాట్ కిరాయికి తీసుకున్నాడు. అంత దూరం అంటే ఎంత? నడిస్తే ఒక టీ చల్లారేంత. అయినా ఇల్లు వేరంటే వేరే.

అత్తమ్మ మాత్రం కదలనంది. స్టేషన్ మైకులో రైళ్ళ పేర్లు చదువుతుంటే తప్ప ఆమెకు నిద్ర పట్టదు. "గాడ ఆబిడ్స్‌ల ఏముంటది? హారన్లే" అని తేల్చేసింది. గిన్నెల పంపకం మాత్రం తనే చేసింది, ఎండాకాలంలో, నడిమింట్లో చాప మీద కూర్చుని. అన్నీ పద్ధతిగానే పంచింది. చివరికి ఆ సర్వ వచ్చింది. మందపాటి సత్తు సర్వ. బయట మసి పట్టి నల్లగా, లోపల నూనె తాగి నున్నగా ఉంటుంది. దాని మీద ఇత్తడి మూత. రెండూ ఒక లోహం కూడా కాదు, అయినా గంతకు తగ్గ బొంత అన్నట్టు అతుక్కుని కూర్చునేవి. అత్తమ్మ మూత ఎత్తి నా ఒళ్ళో పెట్టింది, సర్వ అక్క ముందుకు జరిపింది.

నేను బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. రెంటిలో సగం ఒకటని చెప్పగలను. ఒకటిలో సగం మూత అని మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు. అక్క వద్దంటుందేమో అని చూశాను. అక్క ఆ సర్వను పాత చీరలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఉలుకూ లేదు పలుకూ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మూత తీసుకుని గోడకు కొట్టినంత పని చేసి, పాలగిన్నె మీద బోర్లించాను. తర్వాత తెలిసింది, ఆమెకూ మండిందట, 'మూత తీసుకుని చెల్లె ఒక్క మాటన్నా అనలేదు' అని.

అంతే, ఇద్దరికీ మాటలు తగ్గాయి. పండగ రోజు ఫోన్లు, ఆ ఫోన్లలో బాగున్నవా అంటే బాగున్న. సర్వపిండి ఊసు ఎవరమూ ఎత్తలేదు.

అయితే నేను ఊరుకునే రకాన్నా? నాన్‌స్టిక్ పెనం మీద ఒత్తాను. అప్పడమంత బల్లపరుపుగా వచ్చింది. మా ఆయన కొరికి చూసి, పాపం మంచి మనిషి, "బాగనే ఉంది, రొట్టె" అన్నాడు. రొట్టె! నేను పళ్ళెం లాక్కున్నాను. ఉస్మాన్‌గంజ్ పోయి కొత్త సర్వ ఒకటి కొనుక్కొచ్చాను. మూత దాని మీద నిలవదు, ఒక పక్కకు జారుతుంది. పిండి దానికి అంటుకుని, చెంచాతో గీకితే ముక్కలుగా ఊడింది. ఆ ముక్కల్ని ఉప్మా అని పెట్టాను. సర్వ లేకుండా మూత పెట్టుకుని నేను పడ్డ పాట్లు ఆ పాలగిన్నెకు తెలుసు. అక్కడ ఆబిడ్స్‌లో అక్క సంగతీ అంతేనట. పళ్ళెం మూత పెట్టి, పళ్ళెం మీద రోకలి పెట్టి, అడుగు బొగ్గు చేసి, బావ చేత పెరుగులో ముంచి తినిపించిందట.

వానలు పడ్డాక అత్తమ్మకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులకు జ్వరం పోయింది, దాంతో పాటే ఆకలీ పోయింది. ఏం పెట్టినా రెండు మెతుకులు కెలికి, "ఇగ ఒద్దు బిడ్డా" అని పళ్ళెం జరిపేసేది. జావ చేశాను, పప్పుచారు చేశాను, పెసరపప్పు కిచిడి చేసి నెయ్యి వేశాను. ఆకలి రుచెరగదంటారు, మరి ఆకలే లేకపోతే ఏ రుచి చూపించి పిలవాలి దాన్ని? దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "రోగం ఏం లేదు. కానీ తినకుంటే ఇట్లనే నీరసపడతరు. ఈ వారంల తినుడు మొదలుపెట్టకుంటే అడ్మిట్ చేసి గ్లూకోజ్ పెట్టాల్సొస్తది" అంది. పొద్దున లేస్తే నాతో పోట్లాడే మనిషి, చారులో ఉప్పు తక్కువైందని అనడం కూడా మానేసింది. ఉప్పు వేయకుండా ఇచ్చి చూశాను. మాట్లాడలేదు. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి మబ్బు కమ్ముకుని ఉంది. అత్తమ్మ మంచం మీద కిటికీ వైపు తిరిగి పడుకుంది. నా అడుగుల చప్పుడు విని, ఇటు తిరగకుండానే అంది.

"పిల్లా, సర్వపిండి తినబుద్ధయితుంది."

అన్ని రోజుల తర్వాత ఆమె నోటి నుంచి ఒక తిండి పేరు వచ్చింది! నేను చెప్పులు కూడా విడవకుండా వంటింట్లోకి ఉరికాను. శనగపప్పు వేన్నీళ్ళలో నానేశాను, పల్లీలు వేయించాను, పిండి జల్లించాను. అప్పుడు గుర్తొచ్చింది, చేసేది దేంట్లో? ఉస్మాన్‌గంజ్ సర్వ షెల్ఫు మీద నుంచి నన్ను చూస్తోంది. దాని ముఖం చూస్తేనే నాకు చిరాకు. ముక్కల ఉప్మా పెడితే అత్తమ్మ ఇంకో వారం నోరు తెరవదు.

సరే, మూత ముఖ్యమా, మనిషి ముఖ్యమా? పాలగిన్నె మీద మూత తీసి, కడిగి, సంచిలో వేసుకున్నాను. అక్కకు ఫోన్ చేయొచ్చు. కానీ ఇన్నాళ్ళ తర్వాత ఫోన్లో ఎట్లా మొదలుపెట్టాలి? ఎదురుగా నిలబడితే ఏదో ఒకటి నోటికొస్తుంది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయనతో, "ఇగో, కొత్తిమీర తెస్త, అత్తమ్మను చూడుర్రి" అని గొడుగు పట్టుకుని బయల్దేరాను. సర్వపిండిలో కొత్తిమీర వేయం. పాపం ఆయనకు తెలియదు.

వాన అందుకుంది. ఆటోవాళ్ళు ఆబిడ్స్ అంటే తల అడ్డంగా ఊపి పోతున్నారు. స్టేషన్ రోడ్డంతా మడమల దాకా నీళ్ళు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, గొడుగు ఒక చేత్తో, సంచి మెడకు. దుకాణాల ముందు నిలబడ్డవాళ్ళు, ఇంత వానలో ఈమెకేం పనబ్బా అన్నట్టు చూశారు. చూడనీ. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. 'అక్కా, అత్తమ్మ కోసం వచ్చిన, నా కోసం కాదు' అని మొదలుపెడదామని. కాదు, అది పుల్లవిరుపుగా ఉంది. 'అక్కా, జర సర్వ ఇస్తవా?' అది మరీ అడుక్కున్నట్టుంది. ఇట్లా తీసేసుకుంటూ పెట్టుకుంటూ వాళ్ళ బిల్డింగ్ చేరాను. లిఫ్టు పనిచేయడం లేదు. రొప్పుకుంటూ మెట్లెక్కి తలుపు కొట్టాను.

బావ లుంగీలో తలుపు తీశాడు. నన్ను, నా కింద చేరిన నీళ్ళ మడుగును చూశాడు.

"ఏందమ్మా, నువ్వు గీడికొచ్చినవ్? మీ అక్క మీ ఇంటికే వాయె గదా!"

"మా ఇంటికా? ఎందుకు బావా?"

"ఏమో! అమ్మ ఫోన్ చేసిందట, సర్వపిండి తింటనని. సర్వ పట్టుకొని ఉరికింది. ఆటో దొర్కక మార్కెట్ వైపు నుంచి చుట్టు తిరిగి పోతనన్నది."

మా అత్తమ్మ! నాతో చెప్పి, నేను వంటింట్లోకి పోగానే దిండు కింది ఫోన్ తీసి ఆమెకూ చెప్పిందన్నమాట. ఇక్కడ నా చేతిలో మూత, అక్కడ ఆమె చేతిలో సర్వ. ఇప్పుడు కూడా రెండు ఇళ్ళలోనే! బావ ఫోన్ తీసుకుని అక్కకు కలిపాను.

"అక్కా, ఏడున్నవ్?"

"మీ ఇంట్లున్న. నువ్వెటు వోయినవే, ఇంత వానల?"

"మీ ఇంట్లున్న."

"మా ఇంట్లనా? ఎందుకు?"

"మూత తెచ్చిన."

అవతల అక్క నవ్వు. ఆమె నవ్వితే మొదట చప్పుడు రాదు, ఊపిరే వస్తుంది, తర్వాత ఒక్కసారిగా కట్ట తెగుతుంది. నాకూ తెగింది. దారి పొడవునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా అక్కర్లేకపోయింది. కడుపు పట్టుకుని గడపలోనే కూర్చున్నాను. బావ ఇద్దరికీ ఏమైందా అని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"సరే సరే, నువ్వు ఆడ్నే ఉండు, నేనొస్త" అంది అక్క.

"వద్దు తల్లీ! నువ్వు ఆడ్నే ఉండు, కదలకు. నేనొస్తున్న."

"నువ్వెందుకు తిరిగి తడుసుడు? నేనే..."

వెనక నుంచి అత్తమ్మ గొంతు వినబడింది, జ్వరం రాకముందటి గొంతు. "ఇద్దరు కదిలితే నేనేమన్న పస్తుండాల్నా? ఎవ్వతన్న ఒక్కతి నిలవడుర్రే!"

నేను బయల్దేరుతుంటే బావ లోపలికి పోయి ప్యాంటు వేసుకుని వచ్చాడు. సర్వపిండి అని విన్నాక ఆ మనిషికి మోకాళ్ళు గుర్తు రాలేదు. నా కంటే ముందు మెట్లు దిగాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క నా చీర ఒకటి కట్టుకుని, నా వంటింట్లో పిండి కలుపుతోంది. ఎన్నాళ్ళకు! "ఉప్పు చూసినవా?" అంటే "నీ లెక్క ఏసిన, జర ఎక్కువనే" అంది. "నా చేతి ఉప్పు తినే గింత పెద్దగైనవ్" అన్నాను. "ఔ, బీపీ గూడ పెద్దగైంది" అంది. ఆమె అడుగున ఒత్తుతుంటే నేను పక్కలకు ఒత్తాను. మందమైందని ఆమె, పల్చగైతే విరుగుతుందని నేను. ఆమె కరీంనగర్ పిల్ల, దీన్ని గిన్నప్ప అంటుంది. మా నల్గొండలో తపాలచెక్క అంటాం. ఎవరి పేరు సరైందో ఆ రోజూ తేలలేదు. బొక్కలు పెట్టి, నూనె వేసి, మూత పెట్టాం. టక్కున కూర్చుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

కాసేపటికి పల్లీలు, ఉల్లాకు, కాలిన పిండి కలిసిన వాసన మొదలైంది. ఆ వాసన వర్ణించడం నా వల్ల కాదు. మా ఆయన పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడని చెబితే చాలు. సర్వను పట్టకారుతో పట్టుకుని, మంట మీద పక్కలు కాలేలా తిప్పుతూ చుట్టూ కాల్చింది అక్క. మూత తీసి, అట్లకాడ అంచుల్లోకి పోనిచ్చి ఒక్క ఊపు ఊపితే, అడుగున ఎర్రగా, అంచులు కరకరలాడుతూ సర్వ ఆకారంలోనే ఊడి పళ్ళెంలో పడింది.

మొదటిది అత్తమ్మకే. మంచం మీద లేచి కూర్చుంది. అంచు విరిచి నోట్లో వేసుకుంది. మేం నలుగురం పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా చూస్తున్నాం. ఆమె నమిలింది. ఇంకో ముక్క విరిచింది. పెరుగులో అద్దింది. తర్వాత నా వైపు చూసి మొహం చిట్లించింది.

"ఉప్పెక్కువైంది."

దేవుడా, ఆ మాట విని నేను ఎంత సంతోషపడ్డానో! అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తమ్మ ఆ ఉప్పెక్కువైనదాన్నే మొత్తం తిని, "ఇంకోటి కానీయుర్రి" అంది. ఒకే సర్వ కదా, ఒకటి దించాక చల్లారితే తప్ప రెండోది ఒత్తలేం. సర్వను బోర్లించి వీపు మీద నీళ్ళు చల్లితే చుయ్యిమంటుంది, ఆ మధ్యలో తిన్నవాళ్ళు తినని వాళ్ళను ఊరిస్తారు. బావ వంతు వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ సగం సగం పంచుకోలేక చిన్నపిల్లల్లా కొట్టుకున్నారు. వానకు కరెంటు పోయి వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు.

అందరి కడుపులూ నిండాక నేను అత్తమ్మను పట్టుకున్నాను. "నిజం చెప్పు అత్తమ్మా. మేమిద్దరం విడిపోవద్దని కావాల్నని సర్వ ఒకర్కి, మూత ఒకర్కి ఇచ్చినవ్ గదా?"

"నాకు గన్ని తెలివితేటలు యాడివే?" అంది అత్తమ్మ. "ఎవ్వలది వాళ్ళకిచ్చిన అన్న గదా గా దినమే. సర్వ మీ అక్క తల్లిగారు పెట్టింది, దానికి మూత లేకుండె. నీతోని మీ అమ్మ తపాల గిన్నె పంపింది, గది చిల్లువడి పోయింది, మూత మిగిలింది. గా మూత దీని మీద పెట్టి సూసిన. కూసున్నది. గంతే ముచ్చట."

నేను మూత తీసుకుని బోర్లించాను. లోపలి అంచున ఆవిరి మరకల కింద చుక్కలు చుక్కలుగా ఏవో అక్షరాలు. చింతపండు పెట్టి రుద్దాను. మా అమ్మ పేరు. గిన్నెలన్నిటి మీదా ఎవరిదో ఒకరి పేరు ఉంటుంది. రోజూ తోమే గిన్నె మీద పేరు ఎవరు చదువుతారు? మా అమ్మ పోయి చాలా ఏళ్ళైంది. ఆమె పేరున్న మూత ఇన్నాళ్ళూ నా చేతుల్లోనే ఉంది, నేను దాన్ని పాలగిన్నె మీద పడేసి తిడుతూ వచ్చాను. అక్క సర్వను దీపం దగ్గరికి తీసుకుపోయి మెడ కింద మసి గీకింది. అక్కడ వాళ్ళ అమ్మ పేరు. ఆమె కొంగుతో ఆ చోటు తుడిచింది, మళ్ళీ తుడిచింది. ఒకరినొకరు ఎన్నడూ ఎరగని ఇద్దరు అమ్మలు మా ఇంట్లో ఇన్నేళ్ళు కలిసి వంట చేశారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, ఏం తప్పా?

వాన తెరిపి ఇచ్చాక వాళ్ళు బయల్దేరారు. అక్క తడిసిన చీర, సామాను సంచిలో సర్దుకుంటుంటే నేనూ ఓ చెయ్యి వేశాను. మా ఆయన ఆటో తీసుకొచ్చాడు. అత్తమ్మ మంచం మీద నుంచే "మెల్లగ పోవుర్రి" అని అరిచింది, గొంతులో బలం ఉంది. ఆ వారమే కాదు, ఇప్పటిదాకా ఆమెకు గ్లూకోజ్ అవసరం రాలేదు.

పొద్దున్నే ఫోన్. అక్క.

"నీకేమన్న పిచ్చా? మూత నా సంచిల ఎందుకు పెట్టినవ్? అది మీ అమ్మది!"

"నువ్వన్న మంచిగ వండుకుంటవని పెట్టిన. ఇప్పుడు సర్వ, మూత రెండు నీకాడ్నే ఉన్నయి గదా."

"సర్వ ఏడిది? పొయ్యి కింద షెల్ఫుల సూడు."

వంగి చూశాను. ఉస్మాన్‌గంజ్ సర్వ వెనకాల, పాత చీరలో చుట్టి, మా అక్క వాళ్ళ అమ్మ సర్వ.

మళ్ళీ మార్చుకోలేదు. ఆమె అమ్మ మా ఇంట్లో ఉంది, మా అమ్మ ఆమె ఇంట్లో ఉంది. మబ్బు పట్టిన సాయంత్రం నేను బడి నుంచి రాగానే శనగపప్పు నానేస్తాను. అత్తమ్మ దిండు కింద నుంచి ఫోన్ తీస్తుంది. అవతల అక్క అప్పటికే చెప్పులు వేసుకుంటూ ఉంటుంది.

"మూత తెస్తున్న. నువ్వు ఆడ్నే ఉండు, కదలకు."